మీ ఇంట్లో ఏ నీళ్ళు?

పళ్ళ డాక్టరు ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద ఇరవై ప్రశ్నల దాకా ఉన్నాయి. పిల్లాడు వేలు చప్పరిస్తాడా, రాత్రిపూట పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఉండేదా, రోజుకు ఎన్నిసార్లు చిరుతిండి, పళ్ళు వాడే తోముకుంటాడా మీరు తోముతారా, ఇట్టాంటివన్నీ. మా కోడలు చకచకా టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. సగం దాటాక ఒక ప్రశ్న దగ్గర నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి? ఊరి సరఫరావా, సొంత బోరువా, సీసాల్లో కొన్నవా?"

"ఏంటత్తయ్యా?" అంది కోడలు.

"ఏం లేదమ్మా. ఇంకోసారి చదువు."

నాకు అరవై ఆరేళ్ళు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొదిలికి పది మైళ్ళ దూరంలో ఒక మెట్ట ఊరు మాది. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ పళ్ళతోటి ఇప్పటికి ఎంతోమంది డాక్టర్ల కుర్చీల్లో కూర్చున్నాను. ఒకాయన రుద్ది తెల్లగా చేస్తానన్నాడు. పట్నంలో ఒకాయన ముందు పళ్ళు ఆరింటికీ తొడుగులు వేస్తానని, వాయిదాల్లో కట్టుకోవచ్చని చెప్పాడు. ఇంకొకాయన చిన్నప్పుడు పళ్ళు సరిగ్గా తోముకోలేదేమో అని నన్నే మందలించాడు. నేను తాగి పెరిగిన నీళ్ళు ఎక్కడివని అడిగిన వాడు ఒక్కడూ లేడు. అడిగి ఉంటే జబ్బేమిటో అరనిమిషంలో తేలిపోయేది.

ఇది 2025 అక్టోబరు మాట. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన నోవై అనే ఊళ్ళో మా అబ్బాయి ఉంటాడు. తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, సాయంత్రం నడకకు పోతే నలుగురు వియ్యపురాళ్ళు కనపడతారు. వచ్చి నెలన్నర అయింది. ఆకులు రంగులు మారుతున్నాయి, చూద్దువుగాని రమ్మని వాడు పిలిచాడు. ఆకులు చూశాను, బాగానే ఉన్నాయి. ఈ ప్రయాణంలో నాకు గుర్తుండిపోయేది మాత్రం మనవడి పళ్ళ డాక్టరు ఆఫీసు, దాని పుణ్యమా అని చేసిన ఇంకో ప్రయాణం.

మనవడికి ఆరేళ్ళు. పాలపళ్ళు ఊడుతున్నాయి. మా చిన్నప్పుడు ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదికి విసిరేవాళ్ళం. వీడు దిండు కింద పెట్టుకుని పడుకుంటే దేవతెవరో వచ్చి డాలరు పెట్టిపోతుందట. ఊడిన పన్నుకే ధర ఉన్న దేశం ఇది. ఉన్న పన్నుకు వైద్యం ఎంత ఖరీదో మా అబ్బాయి చెప్తుంటే నేను వినలేకపోయాను. వాడికి పళ్ళ ఇన్సూరెన్సు వేరే ఉంది, అందులో ఆరునెలలకోసారి క్లీనింగు పూర్తిగా కలిసే ఉంటుంది. విజిటరుగా వచ్చిన నాకు తీసిన ఇన్సూరెన్సులో పళ్ళ ప్రసక్తే లేదు. ఆ మాటకొస్తే అరవయ్యైదు దాటిన అమెరికావాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌లో కూడా మామూలు పళ్ళ వైద్యం ఉండదట. నోరు శరీరంలో భాగం కాదని వీళ్ళు ఎప్పుడు తీర్మానించారో మరి.

లోపలికి పిలిచింది డాక్టరు కాదు, పళ్ళు శుభ్రం చేసి జాగ్రత్తలు చెప్పే హైజీనిస్టు. నలభై ఏళ్ళావిడ. పిల్లాణ్ణి కుర్చీలో పడుకోబెట్టి ముందు ఒక మాత్ర నమలమంది. నమిలి పుక్కిలించి అద్దంలో చూసుకుంటే వాడి పళ్ళ మీద అక్కడక్కడా చిక్కటి గులాబీరంగు. తోమకుండా వదిలేసిన పాచి ఎక్కడుంటే అక్కడ ఆ రంగు పట్టుకుంటుంది. నా బళ్ళో ఎర్రసిరాతో దిద్దిన పరీక్ష పేపర్లు గుర్తొచ్చాయి. వాడు సిగ్గుపడలేదు సరికదా, "లుక్ నానమ్మా, పింక్ జర్మ్స్!" అని కేకేశాడు. ఆవిడ బ్రష్షు వాడి చేతికే ఇచ్చింది. తను తోమి చూపించలేదు. వాడు తోముతుంటే పక్కన నిలబడి, వెనకాల, లోపలివైపు, చిగురంచున అని చెప్తూ పోయింది. రంగంతా పోయిందాకా వదల్లేదు. పేస్టు బఠానీ గింజంతే వెయ్యమని, మూడేళ్ళలోపు పిల్లలకైతే బియ్యపు గింజంత చాలని, మింగకుండా ఉమ్మేయించమని కోడలికి చెప్పింది. టీవీ ప్రకటనల్లో బ్రష్షు పొడుగునా అలలాగా పేస్టు పరుస్తారే, అది చూసే మనమందరం చెడిపోయాం.

ఆరో ఏట పాలపళ్ళ వెనకాల కొత్తగా దవడపళ్ళు వస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తాయి గనక తల్లులు వాటినీ పాలపళ్ళే అనుకుంటారు, ఎట్లాగూ ఊడేవే కదా అని వదిలేస్తారు. నిజానికి అవి చచ్చేదాకా ఉండాల్సినవి. వాటి పైభాగంలో సన్నటి గాడులుంటాయి, బ్రష్షు కుచ్చు దూరనంత సన్నం. పుచ్చు ముందు పట్టేది అక్కడే. ఆ గాడుల్ని పలచటి జిగురు పూతతో మూసేస్తారు. దాన్ని సీలెంటు అంటారు. సూది లేదు, తొలవడం లేదు, నొప్పి లేదు. ఈ రాష్ట్రంలో పేద పిల్లలున్న బళ్ళకు హైజీనిస్టులే వెళ్ళి ఈ పూత వేసి వచ్చే పథకం ఒకటుంది, సీల్ మిషిగన్ అని.

అంతా అయ్యాక ఆవిడ చిన్న డబ్బీ మూత తీసి, "ఇప్పుడు ఫ్లోరైడ్ పూస్తాను" అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఒద్దమ్మా!" అన్నాను, తెలుగులోనే.

నా సంగతి ఇప్పుడు చెప్పాలి. నా పై వరస ముందు పళ్ళ మీద అడ్డంగా కాఫీడికాషను చారలుంటాయి. మధ్యమధ్య సుద్దముక్క రంగు మచ్చలు. కింది పళ్ళలో గుండుసూదితో పొడిచినట్టు గుంటలు. మా ఊళ్ళో అందరికీ ఇంతే, గారపళ్ళు అంటాం. ఊళ్ళో ఉన్నంతకాలం అదొక లోపమనే తెలియదు. ఇంటర్‌కి ఒంగోలు పోయాకే తెలిసింది, తెల్లటి పళ్ళవాళ్ళు కూడా ఉంటారని. పెళ్ళిచూపుల రోజు మా అమ్మ చెప్పిన ఒకే ఒక్క జాగ్రత్త, "నోరు తెరిచి నవ్వమాక." ఆనాటి నుంచి నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పోతుంది. పాఠం చెప్పేటప్పుడు కూడా అంతే. పిల్లలు నన్ను అనుకరించేవాళ్ళని తర్వాత తెలిసింది. మా మేనమామది ఇంకా కష్టం. యాభై దాటేసరికి మెడ తిరగడం మానేసింది. పిలిస్తే మనిషంతా తిరగాలి. నడుం వంగిపోయింది. ఆ నీళ్ళల్లోని ఫ్లోరైడే ఆయన ఎముకల్లోకి పోయింది. అట్లాంటి నీళ్ళు తాగి వచ్చిన మనిషిని నేను. ఆ పేరు గల మందును నా కళ్ళముందే నా మనవడి పళ్ళకు పూస్తానంటే ఎట్లా ఊరుకుంటాను?

హైజీనిస్టు కంగారుపడలేదు. కోడలు విషయం చెప్పాక నా వైపు తిరిగి, "గ్రాండ్‌మా, మీరు ఏ నీళ్ళు తాగి పెరిగారు?" అంది.

అరవై ఆరేళ్ళకు, వేల మైళ్ళ అవతల.

"బావి నీళ్ళు" అన్నాను. "చాలా తియ్యగా ఉండేవి." ఫ్లోరైడుకు రుచీ ఉండదు, వాసనా ఉండదు, రంగూ ఉండదు. అదే దాని మాయ. ఆవిడ నన్ను ఒక్కసారి పళ్ళు చూపించమని బతిమాలింది. చూసి, అనుమతి అడిగి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన కుర్రవాడు. పాఠ్యపుస్తకంలో తప్ప ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదన్నాడు. ఈ మచ్చల తీవ్రతను కొలిచే డీన్ సూచిక ప్రకారం నావి నడిమి రకానికీ తీవ్రమైన రకానికీ మధ్యన అని తేల్చాడు. ఎవరికో నేను పాఠ్యాంశం కావడం ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పాక అదే మొదటిసారి.

ఆవిడ నాకు చెప్పింది నాకు తెలియని శాస్త్రమేమీ కాదు. పంటి మీది పింగాణీ చిగురు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళలోపు. ఆ వయసులో రోజూ నీళ్ళతోపాటు ఎక్కువ ఫ్లోరైడు కడుపులోకి పోతే పింగాణీ సరిగ్గా గట్టిపడదు, మచ్చలు పడతాయి. పన్ను బయటికొచ్చాక పైన పూసేది వేరు. పూతలో మోతాదు ఎక్కువే గాని పూసేది చుక్కంత, ఉమ్మి తగలగానే అంటుకుని గట్టిపడుతుంది, మింగేది బహు తక్కువ, అదీ ఏడాదికి రెండుసార్లు. పుల్లటి ఉమ్మికి కరిగిపోయిన పంటి సున్నాన్ని తిరిగి కూడబెట్టుకోవడానికి అది సాయపడుతుంది. ఊరి నీళ్ళల్లో ఎంతుందో తెలిస్తేగాని ఫ్లోరైడు చుక్కలూ మాత్రలూ రాయరట. అందుకే కాగితం మీద ఆ ప్రశ్న. నేను కూర్చున్నాను. ఆవిడ పూసింది. రాత్రిదాకా గట్టివి, వేడివి పెట్టొద్దని, తోమడం మర్నాడు పొద్దునేనని చెప్పింది. వాడు నోరు చప్పరించి బబుల్‌గమ్ రుచి అన్నాడు.

తర్వాత కోడలి వంతు. ఆ పిల్లది శ్రీకాకుళం. నాలుక బయటికి లాగి అటూ ఇటూ చూశారు. బుగ్గల లోపల, నాలుక కింద, అంగిలి మీద దీపం వేసి చూశారు. పొగాకు అలవాటుందా అని అడిగితే కోడలు నవ్వి, "నాకు లేదు గానీ మా అమ్మమ్మ అడ్డపొగ కాల్చేది" అంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. గోదావరి దాటి ఉత్తరాంధ్ర తీరానికి పోతే ముసలి ఆడవాళ్ళలో ఇంకా కనపడుతుంది. అంగిలి మీద తెల్లమచ్చలతో మొదలై క్యాన్సరు దాకా పోయే దారి అది. వైద్యులు మన తీరంలోనే ఏళ్ళ తరబడి దాన్ని పరిశీలించి రాశారు. హైజీనిస్టుకు నమ్మకం కుదరలేదు, చేత్తో చూపించమంది. కోడలు పెన్సిలుతో చూపించింది. ఆ అమ్మమ్మ నోట్లోకి ఎవరైనా ఎప్పుడైనా దీపం వేసి చూశారా అని నేను అడిగితే, పన్ను పీకించడానికి కూడా ఆమె ఆస్పత్రికి పోలేదంది.

మొత్తం గంటంబావు. అందులో డాక్టరు ఉన్నది పది నిమిషాలు. మిగతాదంతా ఆ హైజీనిస్టుదే. ఈ ఉద్యోగం ఎప్పుడు పుట్టిందో ఆ రాత్రి అబ్బాయి లాప్‌టాపులో వెతికిపెట్టాడు. 1913లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్ళో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు కొందరు ఆడవాళ్ళను చేర్చుకుని చదువు చెప్పాడు. పళ్ళు పీకే చదువు కాదు, పీకే అవసరం రాకుండా చూసే చదువు. అంతకుముందే తన దగ్గర పనిచేసే బంధువు ఐరీన్ న్యూమన్‌కు ఆ పని నేర్పి ఉన్నాడు. చదువు అయ్యాక వాళ్ళు పోయింది ఆస్పత్రులకు కాదు, బళ్ళకు. మన దేశంలోనూ 1948 నాటి డెంటిస్టుల చట్టంలో డాక్టర్లతోపాటు హైజీనిస్టుల రిజిస్టరు పెట్టారు. చట్టంలో ఉన్న ఆ మనిషిని ఒంగోల్లోగాని మార్కాపురంలోగాని నేను చూడలేదు. మన దగ్గర పళ్ళ ఆస్పత్రికి పోవడమంటే నొప్పి భరించలేక పోవడమే. తెల్లవారుజామున బుగ్గ వాచి, లవంగం నూనె అయిపోయి, అప్పుడు.

ఆ శనివారం గ్రాండ్ రాపిడ్స్ పోదామని అడిగింది నేనే. అబ్బాయి ఆశ్చర్యపోయాడు. అమెరికా చూడ్డానికి వచ్చినవాళ్ళు నయాగరా అంటారు, న్యూయార్క్ అంటారు. గ్రాండ్ రాపిడ్స్ ఎందుకని.

"ఫ్లోరైడు అక్కడే మొదలైందిరా. ఎనిమిదో తరగతికి పాఠం చెప్పా."

నోవై నుంచి ఐ-96 రోడ్డు మీద పడమరగా నూటముప్పై మైళ్ళు. అదే రోడ్డు ఇంకో నలభై మైళ్ళు పోయి మస్కీగన్‌లో మిషిగన్ సరస్సు దగ్గర ఆగిపోతుంది. హోవెల్ దాటాక రెండువైపులా ఎండిన మొక్కజొన్న చేలు, రోడ్డుపక్క కుప్పలుగా గుమ్మడికాయలు. సంక్రాంతి రథం ముగ్గుకు పెట్టుకునేటంతటివి. లాన్సింగ్ ఈ రాష్ట్రానికి రాజధాని. రాజధాని పక్కనుంచి పోయామని అబ్బాయి చెప్తే తెలిసింది.

దారిపొడుగునా కోడలికి మెకే కథ చెప్పుకుంటూ పోయాను. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. చూస్తే ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలు. ఎందుకని అడిగితే ఒకరు పందిమాంసం ఎక్కువ తిన్నందుకన్నారు, ఒకరు పాలు మంచివి కావన్నారు. మా ఊళ్ళో జొన్నన్నం వల్ల అనేవాళ్ళు, వేపపుల్ల మానేసినందుకు అనేవాళ్ళు. ఊరు ఏదైనా ముందు తిట్లు పడేది తిండికే. ఆ దేశంలో పెద్ద దంతవైద్యుడు జి.వి. బ్లాక్ 1909లో వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో నూటికి తొంభైమందికి దగ్గర దగ్గర మచ్చలున్నాయి. విచిత్రమేమిటంటే ఆ మచ్చల పళ్ళు తొందరగా పుచ్చడం లేదు. ఈ మాట దగ్గర కోడలు నా వైపు చూసింది. నిజమే, నా పళ్ళు చూడ్డానికి బాగుండవుగాని పుచ్చినవి రెండే.

1923లో ఇడాహో రాష్ట్రం ఓక్లీ అనే ఊళ్ళో తల్లులు మెకేతో ఒక మాట చెప్పారు. అయిదు మైళ్ళ దూరాన ఉన్న వేడినీటి ఊట నుంచి ఊరికి గొట్టం వేసుకున్న తర్వాతే పిల్లలకు మచ్చలు మొదలయ్యాయని. ఆ నీళ్ళల్లో ఏముందో మెకేకి తెలియదు. ఆ గొట్టం వదిలేసి వేరే ఊట వాడుకోమన్నాడు. ఊరు విన్నది. కొన్నేళ్ళకు తర్వాతి పిల్లలకు తెల్లటి పళ్ళు వచ్చాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. కారణం దొరకలేదు, అయినా గొట్టం మార్చారు.

కారణం అర్కన్సాలోని బాక్సైట్ అనే ఊరి నీళ్ళల్లో దొరికింది. అల్యూమినియం కంపెనీ ఊరది. తమ గిన్నెల మీద అపవాదు వస్తుందేమోనని ఆ కంపెనీ ప్రధాన రసాయనవేత్త చర్చిల్ నీళ్ళు పరీక్ష చేయించాడు. పది లక్షల పాళ్ళలో 13.7 పాళ్ళు ఫ్లోరైడు. అది 1931. తర్వాత ప్రభుత్వం తరఫున ట్రెండ్లీ డీన్ ఊరూరా నీళ్ళూ పిల్లల పళ్ళూ పోల్చి చూసి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మచ్చలు దాదాపు పడవని, పుచ్చు తగ్గుతుందని లెక్క తేల్చాడు.

"మన దగ్గర ఎప్పుడు కనిపెట్టారత్తయ్యా?"

"1937లో."

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, షార్ట్, పండిట్, రాఘవాచారి, ముగ్గురూ నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడు జబ్బు గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. అప్పటికి మా పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి. అక్కడ 1901లో వేసిన ప్రశ్నకు జవాబు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మాకు జవాబు వచ్చే ఎనభై ఎనిమిదేళ్ళయింది. మా అమ్మ కూడా అప్పటికి పుట్టలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో చేశారు, కొండ తొలిచి మాకు కృష్ణ నీళ్ళు తెస్తామని. సొరంగాలు తొలిచారు, నీళ్ళు ఇంకా రావాలి. నల్లగొండ వాళ్ళకు మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. అంతకుముందు ఎన్నో ఏళ్ళు వాళ్ళూ మాలాగే. పటిక, సున్నం, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును కిందికి దించే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటుంది. జబ్బుతో ఊరికి పేరు రావడం విన్నాం గాని, విరుగుడుతో కూడా వచ్చింది ఆ ఒక్క ఊరికే అనుకుంటా.

గ్రాండ్ రాపిడ్స్ చేరేసరికి పన్నెండయింది. ఒకప్పుడు కుర్చీలూ బల్లలకు పేరుమోసిన ఊరు. మధ్యలోంచి గ్రాండ్ నది. ఒక పెద్ద హోటలు పక్కన, నది ఒడ్డున లేత నీలం రంగు ఉక్కు శిల్పం ఉంది, ముప్పై మూడడుగుల ఎత్తు. సిరిల్ లిక్సెన్‌బర్గ్ అనే ఆమ్‌స్టర్‌డామ్ శిల్పి చేశాడు. పేరు స్టీల్ వాటర్. ప్రపంచంలో మొదటిసారి ఊరి నీళ్ళల్లో కొలిచి ఫ్లోరైడు కలిపినందుకు గుర్తు. ఎటునుంచి చూసినా నాకు పన్నులాగా కనపడలేదు, నీళ్ళలాగా కనపడలేదు. అయినా దాని కింద నిలబడి ఫోటో దిగాను. పక్కన సైకిలు ఆపుకుని శాండ్‌విచ్ తింటున్న ఒకాయనను ఇదేమిటని అబ్బాయి అడిగితే ఆయన భుజాలెగరేశాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడేనట. పళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి.

అసలు పని జరిగిన చోటు అది కాదు. మన్రో ఎవెన్యూలో ఎర్ర ఇటుకల పాత నీటి శుద్ధి కేంద్రం ఉంది. ఇప్పుడు అందులో నీళ్ళ పని లేదు. 1945 జనవరి 25న అక్కడే సోడియం ఫ్లోరైడు పొడి నీళ్ళల్లోకి వదిలారు. యుద్ధం ఇంకా అవలేదు. దాదాపు ముప్పైవేలమంది బడిపిల్లల పళ్ళు ఏళ్ళ తరబడి లెక్కపెట్టారు. పదకొండేళ్ళకు తేలిందేమిటంటే, ఆ పని మొదలైన తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు అరవై శాతం పైన తగ్గింది. ఆ భవనం ముందు నిలబడితే నాకు సంతోషం వెయ్యలేదు, కోపమూ రాలేదు. ఒక ఊరికి చిటికెడు కలపడానికి ఇంత కొలత. మా ఊరికి దోసెడు తీసెయ్యడానికి ఎవరి దగ్గరా తూనిక లేదు. మందైనా విషమైనా అదే వస్తువు అని వైద్యులు ఎప్పుడూ చెప్పేదే, తేడా కొలతలో ఉంది. కొలవాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి.

ఇక్కడా ఇప్పుడు గొడవ మొదలైంది. 2025లోనే యూటా రాష్ట్రం నీళ్ళల్లో ఫ్లోరైడు కలపడం నిషేధించింది, వెనకాలే ఫ్లోరిడా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల తెలివితేటల సూచీ తక్కువగా ఉంటోందని ఈ దేశపు జాతీయ విష పరీక్షల కార్యక్రమం 2024లో చెప్పింది. ఇక్కడ కలిపేది 0.7. ఆ మోతాదు దగ్గర అట్లా అనడానికి ఆధారం చాలదని కూడా అదే నివేదిక చెప్పింది. వీళ్ళు రెండో వాక్యం వదిలేసి పోట్లాడుకుంటున్నారు. మాకు మొదటి వాక్యమే చాలు. ఆ 1.5 మన దేశంలో తాగునీటికి గరిష్ఠ పరిమితి. మా తాలూకాల్లో ఎన్ని బావులు దాన్ని దాటి ఉన్నాయో, వాటి చుట్టూ బళ్ళల్లో లెక్కలు రాని పిల్లల్ని నేను ఎంతమందిని కొట్టానో ఆ పూట గుర్తుచేసుకోకుండా ఉండలేకపోయాను.

మస్కీగన్ చేరేసరికి పొద్దు వాలుతోంది. కోడలికి ఇంటికి పోవాలని ఉంది, నేనే పట్టుబట్టాను. పోలిక కోసం ఎంచుకున్న ఊరు అది. గ్రాండ్ రాపిడ్స్‌కు ఏ సరస్సు నీళ్ళు పోతాయో దీనికీ అవే, ఫ్లోరైడు మాత్రం కలపరు. పదిహేనేళ్ళు అట్లాగే ఉంచి రెండు ఊళ్ళ పిల్లల పళ్ళూ పోల్చాలని పథకం. ఆరేళ్ళు గడిచేసరికి పక్క ఊరి పిల్లల పళ్ళ సంగతి వీళ్ళకు తెలిసిపోయింది. మా పిల్లలేం పాపం చేశారని 1951లో వీళ్ళూ కలుపుకున్నారు. శాస్త్రజ్ఞులకు పోలిక పోయింది. మంచిదే. ఏ ఊరూ ఎల్లకాలం పోలిక కోసం కూర్చోకూడదు. అక్కడ ఒడ్డున ఎర్రటి లైటుహౌసు, సముద్రమంత సరస్సు, చలిగాలి. ఉప్పు వాసన లేని అలలు వింతగా అనిపించాయి. మనవడు నీళ్ళల్లో చెయ్యి పెట్టి, "నానమ్మా, ఇవి మంచి నీళ్ళేనా?" అన్నాడు. తాగే నీళ్ళకు వాడికి తెలిసిన తెలుగు మాట అదే. పెద్దగా నవ్వాను. చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. వాడు దాన్ని లాగి, "నీ టీత్ చాక్లెట్ తిన్నాయా?" అని అడిగాడు. పక్కనున్నవాళ్ళకు తెలుగు రాదు గనక సరిపోయింది.

నవంబరు చివర్లో ఊరికొచ్చాను. వచ్చేటప్పుడు ఆ హైజీనిస్టు నా కోసం కూడా ఒక సంచీ పంపింది. మెత్తటి బ్రష్షు, ఫ్లాసు దారం, రెండు నిమిషాలకు ఖాళీ అయ్యే ఇసుక గడియారం. గడియారం మా పక్కింటి పాప తీసుకుపోయింది. ఆ పాప పళ్ళ మీద మా తరం గార లేదు. ఊళ్ళో క్యాను నీళ్ళ ప్లాంటు వచ్చింది, ఆ యంత్రం ఫ్లోరైడును దాదాపు పూర్తిగా తీసేస్తుంది. గార పోయి ఇప్పుడు పుచ్చు వచ్చింది. పదేళ్ళు లేవు, రెండు దవడపళ్ళు నల్లబడ్డాయి. రూపాయి చాక్లెట్లు, అయిదు రూపాయల బిస్కెట్లు, పొద్దుటి పూట మాత్రమే తోమడం. ఆ తల్లి పన్ను పీకించడానికి పొదిలి పోదామనుకుంటోంది. ఇవి ఊడేవి కావమ్మా అని చెప్పి బలవంతాన ఒంగోలు పంపించాను, నింపించుకు రమ్మని.

తర్వాత మా పాత బావి నీళ్ళు, వీధి బోరు నీళ్ళు పట్టుకుని గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబుకు పోయాను. బోరు ఒకటిన్నర దాటింది. బావి ఇంకా పైనే. వంట ఇప్పటికీ ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఆ బోరు నీళ్ళతోనే. కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, ఒక కాపీ బడి హెడ్మాస్టరుకు ఇచ్చి వచ్చాను.

మీరూ ఒకసారి ఆ పని చెయ్యండి. గాజుసీసాలో మాత్రం పట్టుకుపోవద్దు, ఫ్లోరైడు గాజుకు అంటుకుని లెక్క తప్పుతుంది. కడిగిన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు జాడించి, లీటరు పట్టి, మీద ఊరిపేరూ తేదీ రాస్తే చాలు.